రెండు మెలికల స్పోకు

పాల పరీక్ష కేంద్రం, మేడ మీది గది
సెప్టెంబరు 4

వదినా,

క్షేమంగా చేరాను. గది అగ్గిపెట్టెంత ఉంది, నాకు చాలు. కింద పరీక్ష కేంద్రం, పైన నేను. పొద్దున్న ఐదింటికి పాల క్యాన్లు దిగుతాయి. పదకొండు దాకా శాంపిల్ సీసాలు, వెన్న శాతం, నీళ్ళు కలిపినవాళ్ళతో గొడవ. ఆ తర్వాత రోజంతా నాదే. ఫోను ఇక్కడ మాట వినదు. మేడ చివర ఒంటికాలి మీద నిలబడితే ఒక గీత వస్తుందట, నేనింకా ఆ తపస్సు మొదలుపెట్టలేదు. మన ఊరికి వచ్చే పాల వ్యాను నీ షాపు ముందు నుంచే పోతుంది కాబట్టి ఉత్తరాలు డ్రైవరు చేతికిస్తాను. నువ్వూ అలాగే పంపు.

అసలు సంగతి చెప్పనా? మంచం మీద కూర్చుంటే కిటికీలో కొండ. నీ కొండ! నీ షాపు బోర్డు మీద పెయింటరు నీలం రంగుతో ముక్కోణంలా గీశాడే, అలా లేదు. వంకరగా, ఒక భుజం జారినట్టు ఉంది. పెళ్ళైన కొత్తలో నువ్వూ అన్నయ్యా సైకిళ్ళేసుకుని ఇక్కడికి రావడం, గుడిసె దగ్గర అన్నయ్య కాలు బెణికి ఆగిపోవడం, నువ్వొక్కదానివే శిఖరం దాకా వెళ్ళిరావడం, ఆ కథంతా నాకు పద్నాలుగేళ్ళప్పటి నుంచీ కంఠతా వచ్చు. ఇప్పుడా కొండ రోజూ కిటికీలో నిలబడి నన్ను చూస్తుంటే ఎలా ఊరుకుంటాను?

నాకు ముందు ఇక్కడ పనిచేసినాయన వెళ్తూ వెళ్తూ తన గేర్ల సైకిలు అమ్ముతానంటే కొనేశాను. చలికాలం లోపు నేనూ ఎక్కుతాను.

అన్నయ్యని గడియారాల మీంచి తలెత్తి నాకో ముక్క రాయమను. రాయడని తెలుసు.

నీ మరదలు


సైకిల్ షాపు, పంపుల పక్క బల్ల
సెప్టెంబరు 9

ఏమమ్మా మరదలా,

ముందు సైకిలు సంగతి తేలుద్దాం. సొంత వదిన రోజూ పదిమంది చక్రాలకి బెండు తీసి బతుకుతుంటే, నువ్వెళ్ళి ముక్కూ మొహం తెలియనివాడు తొక్కి వదిలేసింది కొన్నావా? పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఇదే. అడిగితే నీ ఎత్తుకి, నీ కాళ్ళకి సరిపోయేలా రిమ్ము దగ్గర్నుంచి నేనే కట్టి ఇచ్చేదాన్ని. సైకిలు తొక్కడం నేర్పింది ఎవరు? వెనక క్యారియర్ పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తింది ఎవరు? ఆ రోజుల్లో వదిలేస్తే పడతానని ఏడ్చేదానివి. ఇప్పుడు గేర్లు కావాల్సొచ్చాయి. నేను ఒక్క గేరు లేకుండా వెళ్ళాను, గుర్తుపెట్టుకో.

కిటికీలో కొండ అని రాశావు. చదివి ఉత్తరం మడిచి పెట్టేశాను. పంక్చరు ఒకటి వేసి వచ్చి మళ్ళీ తీసి చదివాను. నిజం చెప్పమంటావా? కుళ్ళుకున్నాను. నాకు షాపులో కూర్చుంటే ఎదురుగా కనిపించేది మందుల దుకాణం వెనక గోడ. దాని మీద నీళ్ళ గొట్టం, గొట్టం కింద నాచు. ఇరవై రెండేళ్ళుగా అదే చూస్తున్నాను. నీకేమో ఉద్యోగం, మధ్యాహ్నం ఖాళీ, ఎక్కడికి అని అడిగే మనిషి లేడు, పైగా మంచం మీంచి కదలకుండా నా కొండ. దేవుడు ఇచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని ఇస్తాడు కాబోలు.

మీ అన్నయ్య ఉత్తరం చదివి "మంచిదే, వెళ్ళనీ" అన్నాడు. అంతే. ఆ మనిషి నోట్లోంచి మాట రావాలంటే దానికీ కీ ఇవ్వాలి.

వానలు ఇంకా పూర్తిగా పోలేదు, తొందరేం లేదు. వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

వదిన


పాల పరీక్ష కేంద్రం, మేడ మీది గది
అక్టోబరు 2

వదినా,

వచ్చే ఏడాది కాదు. మొన్న ఆదివారం గుడిసె దాకా వెళ్ళొచ్చేశాను! తారు రోడ్డు పన్నెండు కిలోమీటర్లు, కంకర తొమ్మిది, ఆ తర్వాత మేకలు నడిచే బాట ఐదు. కంకర మీద రెండుసార్లు పడ్డాను. బాట మీద సగం తొక్కాను, సగం తోశాను. గుడిసె దగ్గర దిగేసరికి కాళ్ళు నావి కావు, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

అక్కడ మేకల తాత ఉన్నాడు. స్పోకు సంగతి అతనూ చెప్పాడు, అచ్చం నువ్వు చెప్పినట్టే. సైకిలు తొక్కుకుంటూ గుడిసె దాకా వచ్చి, అక్కణ్ణుంచి నడిచి శిఖరం ఎక్కినవాళ్ళు తమ చక్రంలోంచి ఒక స్పోకు తీసి పైన రాళ్ళకుప్పలో గుచ్చి రావాలి. జీపులో బాట మొదలు దాకా వచ్చి నడిచేవాళ్ళకి ఆ హక్కు లేదట. "ఇనుము మోసినోడికే ఇనుము పెట్టే హక్కు" అన్నాడు. నీ షాపు గోడకి వేలాడే పాత సైకిలు గుర్తొచ్చింది. ముందు చక్రంలో ముప్పై రెండు స్పోకులకి ముప్పై ఒకటే. చిన్నప్పుడు వచ్చినవాళ్ళందరికీ ఆ ఖాళీ చూపించి నేనే కథ చెప్పేదాన్ని, నువ్వు చెప్పకముందే.

తాత పైకి వెళ్ళి చాలా ఏళ్ళైందట, మోకాళ్ళు పోయాయి. "నల్లబండ దాకా కళ్ళు మూసుకుని పోవచ్చమ్మా. ఆ తర్వాతే తంటా. వెళ్ళొచ్చినవాళ్ళనడుగు" అన్నాడు. నాకు తెలిసిన వెళ్ళొచ్చిన మనిషివి నువ్వే. నల్లబండ తర్వాత ఎటు? పైన అన్ని స్పోకుల్లో నీది ఎలా గుర్తుపట్టాలి?

పదమూడో తారీకు ఆదివారం వెళ్తున్నాను. మన ఇంట్లో ఇద్దరం అవుతాం వదినా!

నీ మరదలు


సైకిల్ షాపు, పంపుల పక్క బల్ల
అక్టోబరు 8

మరదలా,

ఇద్దరం అవుతాం అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఒక్కదాన్నే అయితే నీకేం నష్టం? ఇంట్లో నువ్వు చదువుకున్నదానివి, ఉద్యోగం ఉన్నదానివి, తెల్లకోటు వేసుకునేదానివి. నాకున్నదల్లా ఆ కొండ ఒక్కటి. దాన్నీ పంచుకోవాలా? ఇలా రాయకూడదని తెలుసు. అయినా రాస్తున్నాను, కాగితం మీద పెడితే కడుపులో మంట కాస్త తగ్గుతుందేమోనని. తగ్గలేదు.

సరే, మెకానిక్కుగా చెప్పాల్సినవి చెప్తాను. తారు రోడ్డు మీద హుషారెక్కి తొక్కేయకు, అక్కడ మిగుల్చుకున్న ఓపికే పైన తినాలి. కంకర మొదలయ్యేచోట రెండు టైర్లలోనూ గాలి కొంచెం వదులు, బొటనవేలితో నొక్కితే కాస్త దిగాలి. అప్పుడు పడవు. ఎత్తులో సీటు ముందుకి జరిగి కూర్చో, లేకపోతే ముందు చక్రం లేస్తుంది. గుడిసె దగ్గర దిగగానే ఎక్కడం మొదలుపెట్టకు. సైకిలు కాళ్ళు వేరు, నడక కాళ్ళు వేరు. పావుగంట చదునులో ఊరికే తిరుగు, నీళ్ళు తాగు, బూట్లు మార్చుకో. స్పోకు ముందు చక్రంలోది తీయి. వెనక చక్రం నీ బరువు మోస్తుంది, దాని జోలికి పోకు. దిగి వచ్చేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి వదిలి వదిలి పట్టు.

నల్లబండ దాటాక ఎడమకి తిరుగు. అక్కణ్ణుంచి చదునుగా అరగంట, అంతే. పైన నలుగురు కూర్చుని తినేంత పెద్ద పలకరాయి ఉంటుంది.

నా స్పోకు గుర్తుపట్టడం తేలిక. మా నాన్న షాపు గుర్తు ఉంది దానికి. తల దగ్గర కటింగ్ ప్లయరుతో రెండు మెలికలు తిప్పి ఉంటుంది. ఇంకెవరూ అలా తిప్పరు. కానీ ఇన్నేళ్ళ గాలికీ వానకీ అది అక్కడ ఉంటుందని నమ్మకం లేదు. వెతుకుతూ కూర్చుని పొద్దు పోగొట్టుకోకు.

వదిన


సైకిల్ షాపు
అక్టోబరు 12

మరదలా,

ఎడమకి వెళ్ళకు. కుడి ఎడమలు నాకు సరిగ్గా గుర్తు లేవు. ఇరవై రెండేళ్ళ కిందటి మాట, మంచు కూడా ఉంది ఆ రోజు. నల్లబండ దగ్గర నీ కళ్ళతో చూసుకుని వెళ్ళు. తేడాగా అనిపిస్తే తిరిగొచ్చెయ్యి, సిగ్గేం లేదు. పొద్దున్న వ్యాను నేను షట్టరు ఎత్తేసరికే వెళ్ళిపోయింది. ఇది సాయంత్రం వ్యానుకి ఇస్తున్నాను. నువ్వు బయల్దేరే లోపు అందితే చాలు.

వదిన


పాల పరీక్ష కేంద్రం, మేడ మీది గది
అక్టోబరు 15

వదినా,

ఎక్కాను.

నీ పన్నెండో తారీకు ఉత్తరం నేను తిరిగొచ్చాక అందింది. ఏం ఫరవాలేదు. అరచేయి కాస్త గీసుకుపోయింది, సీసాలు పట్టుకుంటే మండుతోంది, అంతకంటే ఏం లేదు. టైర్లలో గాలి సంగతి నువ్వన్నట్టే చేశాను, కంకర మీద ఒక్కసారీ పడలేదు. గుడిసె దగ్గర పావుగంట తిరగమన్నావు చూడు, అది బంగారం లాంటి మాట. తిరిగొచ్చేటప్పుడు ఒక స్పోకు తక్కువైన చక్రం ఊగుతుంటే భలే గర్వంగా ఉండింది.

పైన ఎలా ఉందో నీకు చెప్పాలా? నీకు తెలిసిందేగా.

నీ స్పోకు పైన ఉంది. రెండు మెలికలు, ఒళ్ళంతా తుప్పు. కళ్ళారా చూశాను.

నీ మరదలు


సైకిల్ షాపు, పంపుల పక్క బల్ల
అక్టోబరు 18

మరదలా,

సంతోషం. మీ అన్నయ్య నీ ఉత్తరాన్ని తన బల్ల అద్దం కింద పెట్టాడు. గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాడు. నోట్లో మాట లేని మనిషి నీ గురించి మాత్రం రోజుకి పదిసార్లు నోరు తెరుస్తున్నాడు. "మా ఇంట్లో ఇద్దరు" అంటున్నాడు. బాగుంది.

ఒక్క మాట అడుగుతాను. నా స్పోకు కుప్పలో ఏ వైపు ఉంది? నిటారుగా ఉందా, వాలిందా? ఏ రాయి కింద? పలకరాయికి ఎంత దూరం? మెలికలు కుడికి తిరిగున్నాయా, ఎడమకా? తీరిగ్గా గుర్తుతెచ్చుకుని రాయి. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, ఇంకేం లేదు.

వదిన


పాల పరీక్ష కేంద్రం, కింది బల్ల
అక్టోబరు 24

వదినా,

ఒక్క స్పోకుకి ఇన్ని ప్రశ్నలా? మా పై అధికారి పాల క్యానుకి కూడా ఇన్ని అడగడు.

కుప్పకి తూర్పు వైపు, పైనుంచి మూడో రాయి కింద. కాస్త వాలి ఉంది. మెలికలు కుడికి. పలకరాయి నాకు కనిపించలేదు, నేను పెద్దగా వెతకలేదు కూడా.

ఈ వారం పని ఎక్కువగా ఉంది.

నీ మరదలు


ఇల్లు, వంటింటి గడప
నవంబరు 10

మరదలా,

నీకు రాసి మూడు వారాలు దాటింది. రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. షాపులో కూర్చుంటే ఎవడో ఒకడు ట్యూబు పట్టుకుని వస్తున్నాడు, అందుకని ఇంట్లో కూర్చున్నాను.

నువ్వు అబద్ధం రాశావు. నా స్పోకు పైన ఉండే వీల్లేదు.

ఎందుకంటే నేను పైకి వెళ్ళలేదు.

దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. నీ అబద్ధం పట్టుకుంటే నా అబద్ధం బయటపడుతుంది. నోరు మూసుకుని కూర్చుంటే నువ్వు గెలిచినట్టు ఉంటుంది. మూడు వారాలు నోరు మూసుకున్నాను, నా వల్ల కాలేదు. రెండు మెలికల సంగతి నేనే నీకు రాశాను. అది పట్టుకుని కూర్చున్నచోటే తుప్పు పట్టించి, తూర్పు వైపు గుచ్చేశావు. తెలివైనదానివి.

నేను నల్లబండ దాకా వెళ్ళాను. అంతవరకూ నిజం. అక్కడ మంచు దిగింది, ఎదురుగా పెట్టుకున్న నా చెయ్యి నాకు కనిపించలేదు. పైన ఎక్కడో రాళ్ళు దొర్లిన చప్పుడు. భయపడ్డాను, అంతే, ఇంకో కారణం లేదు. బండ వెనక చేరగిలబడి కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత తెచ్చుకున్న స్పోకుని ఆ బండ పగులులో గుచ్చేసి దిగి వచ్చేశాను. గుడిసె దగ్గర మీ అన్నయ్య కాలికి గుడ్డ కట్టుకుని కూర్చుని "ఎక్కావా?" అన్నాడు. నిజం చెప్పడానికే నోరు తెరిచాను. "ఎక్కాను" అని వచ్చింది.

ఆ మాట మీ అమ్మ చెవిన పడ్డాక మరి వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది. అప్పటిదాకా అత్తయ్యకి నేను గోళ్ళల్లో గ్రీజుతో వచ్చిన కోడల్ని. నా చేత్తో ఇస్తే మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు, గ్లాసుకి వాసనొస్తుందని. ఆ వారం నుంచి వీధిలో ప్రతి గడప దగ్గరా ఆగి "మా కోడలు కొండెక్కింది" అని చెప్పుకుంది. నా చేత్తో నీళ్ళు తాగింది. ఆవిడ పోయేదాకా ఆ మాట మోసింది. నువ్వైతే వెనక్కి తీసుకునేదానివా?

ఇక నీ సంగతి. రెండే దారులున్నాయి. నువ్వూ పైకి వెళ్ళలేదు, వెళ్ళానని రాశావు. లేదా వెళ్ళావు, నా స్పోకు లేదని చూశావు, జాలిపడి ఉందని రాశావు. మొదటిదే అయ్యుండాలని కోరుకుంటున్నాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, మొదటిదే కావాలి నాకు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, నేను ఎక్కలేకపోయానని కాదు నా ఏడుపు, నువ్వు ఎక్కావని. నా చేత్తో సైకిలు నేర్పిన పిల్లవి నాకు జాలి చూపిస్తే మాత్రం నేను తట్టుకోలేను.

ఏది నిజమో ఒక్క ముక్కలో రాయి.

వదిన


పాల పరీక్ష కేంద్రం, మేడ మీది గది
నవంబరు 14

వదినా,

ఒక్క ముక్కలో రాయలేను.

నువ్వు రాసిన ఎడమకే వెళ్ళాను. నిన్ను నమ్మి, చుట్టూ చూసుకోకుండా వెళ్ళాను. ఇరవై అడుగులు బాగానే ఉంది. ఆ తర్వాత కాలి కింద రాళ్ళన్నీ ఒక్కసారిగా కదిలాయి. పడుకుని జారాను. చేతికి దొరికింది పట్టుకుంటే అరచేయి చీరుకుపోయింది. కాస్త గీసుకుపోయిందని నీకు రాశాను, ఆరు కుట్లు పడ్డాయి. నా పక్క నుంచి దొర్లిన రాళ్ళు కింద ఆగిన చప్పుడు చాలాసేపు వినిపించలేదు. మోకాళ్ళ మీద పాకుతూ నల్లబండ దగ్గరికి వచ్చి, దాని వెనక కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ పక్కకి చూస్తే, కంటికి సరిగ్గా ఎదురుగా పగులులో రెండు మెలికల స్పోకు.

పాలల్లో నీళ్ళు పట్టుకునే ఉద్యోగం నాది. నాకు వేరే పరీక్ష అక్కర్లేకపోయింది. పద్నాలుగేళ్ళప్పటి నుంచి విన్నదంతా ఒక్క నిమిషంలో విరిగిపోయింది. నువ్వు కూర్చున్నచోటే కూర్చున్నానని అర్థమైంది. నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. దారి తెలియదని ఒక్క మాట రాస్తే సరిపోయేదానికి, నా ప్రాణం మీదకి తెచ్చావు. ఆ స్పోకు పీకి లోయలోకి విసిరేద్దామని చెయ్యి ఎత్తాను.

విసరలేదు. సంచిలో వేసుకున్నాను. చేతికి కండువా చుట్టుకుని కుడి వైపు నుంచి ఎక్కాను. నీ మీద కోపంతోనే ఎక్కాను వదినా, ఆ కోపం లేకపోతే అక్కడే తిరిగొచ్చేసేదాన్ని. అరగంట కాదు, గంటంపావు. పైన పలకరాయి లేదు. ఇద్దరు పక్కపక్కన నిలబడటానికి చోటు లేదు. గాలి తోసేస్తుంది. తూర్పు వైపు, పైనుంచి మూడో రాయి కింద నీ స్పోకు గుచ్చాను. నేను నీకు అబద్ధం రాయలేదు. పైన ఉందన్నాను, పైనే ఉంది. నువ్వే అన్ని ప్రశ్నలు అడిగి, గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నావు.

జాలి అనుకుంటున్నావా? కాదు. అమ్మ పోయేదాకా నీ గురించి చెప్పుకుందని రాశావు. నా గురించి ఎవరికైనా ఏమైనా చెప్పుకుందా? నేను పరీక్ష ప్యాసై వచ్చిన రోజు "మీ వదినలా ధైర్యం కూడా ఉంటే బాగుండేది" అంది. ఇరవై రెండేళ్ళు నీ మీద కుళ్ళుకుంటూ పెరిగాను నేను. ఆ స్పోకు నల్లబండ దగ్గర ఉందని ఊరంతా చెప్తే నాకెంత హాయిగా ఉండేదో తెలుసా? చెప్పే అవకాశం సంచిలో పెట్టుకుని గంటంపావు నడిచాను. పైకి చేరేసరికి చెప్పాలనిపించలేదు. అమ్మ మాట నిజమైతే బాగుండుననిపించింది.

నా స్పోకు పైన లేదు. దిగేటప్పుడు నల్లబండ పగులులో, నీది ఉన్నచోటే గుచ్చి వచ్చాను. నీది నేను మోశాను. నాది నువ్వు మొయ్యి.

నీ మరదలు


సైకిల్ షాపు, పంపుల పక్క బల్ల
నవంబరు 20

మరదలా,

ఆరు కుట్లు మానాయా? దానికి మాత్రం క్షమించమని అడుగుతున్నాను. తెలియని దారి తెలిసినట్టు రాయడం నా జన్మలో చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ వారం పన్నెండో తారీకు రాత్రి నుంచి నీ ఉత్తరం వచ్చేదాకా నేను అన్నం సరిగ్గా తినలేదు, ఆ సంగతి అప్పుడు రాయడానికి కూడా కుళ్ళు అడ్డొచ్చింది. మిగతా వాటికి వేటికీ క్షమాపణ అడగను.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. దాంతోపాటు నాదీ చెప్పేశాను. చేతిలో ఉన్న గడియారం మూత బిగించి, పక్కన పెట్టి, "నాకు తెలుసు" అన్నాడు. ఎలా తెలుసంటే, "పైకి వెళ్ళి రావాలంటే నాలుగు గంటల పైన పడుతుందని తాత చెప్పాడు. నువ్వు రెండు గంటల ఇరవై నిమిషాలకి వచ్చేశావు" అన్నాడు. మరి ఇన్నేళ్ళు చెప్పలేదేమంటే, "నువ్వు అడగలేదు" అన్నాడు. గడియారాలవాణ్ణి పెళ్ళి చేసుకుని టైము దగ్గర అబద్ధమాడాను చూడు, నా అంత తెలివితక్కువది ఇంకెవరైనా ఉంటారా? అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్కలాంటివాళ్ళే. కడుపులో పెట్టుకుని కూర్చుంటారు, మనల్ని మాత్రం బయటికి కక్కిస్తారు.

ఇక స్పోకు సంగతి. నా స్పోకు మోయమని నిన్ను ఎవరడిగారు? నాకు అలా అక్కర్లేదు. ఇంకొకరి సంచిలో పడి శిఖరం ఎక్కిన స్పోకు నాది అవుతుందా? "ఇనుము మోసినోడికే" అని తాత చెప్పిన మాట నువ్వే కదా రాశావు.

గోడ మీంచి పాత సైకిలు దించాను. రిమ్ములు రెండింటికీ బెండు తీశాను, బేరింగు గోళీలు మార్చాను, చైను కిరసనాయిల్లో కడిగాను. ముందు చక్రంలో ముప్పై ఒక్క స్పోకులే ఉంచాను. గేర్లు లేవు, పెట్టను కూడా. వచ్చే శనివారం పాల వ్యాను మీద వేసుకుని మీ ఊరొస్తున్నాం, ఇద్దరం.

ఆదివారం పొద్దున్నే బయల్దేరదాం. గుడిసె దగ్గర మీ అన్నయ్య కూర్చుంటాడు. నల్లబండ దాకా నేను ముందు, అక్కణ్ణుంచి నువ్వు ముందు నడు. కుడి వైపు. ఇప్పటికీ భయమే నాకు, నీకు కాబట్టి రాస్తున్నాను. పగులులోంచి నీ స్పోకు తీసుకుని పైకి వస్తాను, నా చేత్తో గుచ్చుతాను. దాంతో నీకు నా అప్పు తీరిపోయినట్టే. ఆ తర్వాత నాది పీకుతాను. పీకి, నల్లబండ దాకా కిందికి తెచ్చి, దాని చోట దాన్ని పెట్టి, కాసేపు బండ వెనక కూర్చుని, మళ్ళీ తీసుకుని నేనే పైకి మోసుకెళ్తాను.

ఈ మాట చెప్తే మీ అన్నయ్య వేళ్ళు మడిచి లెక్కేశాడు. "అలా అయితే నల్లబండ నుంచి రెండుసార్లు ఎక్కాలి. పొద్దు చాలదు. ఒకసారి పైకి వెళ్తే వెళ్ళినట్టే కదా" అన్నాడు. "నువ్వు గడియారం చూసుకుంటూ కూర్చో" అన్నాను.

నాలుగు గంటలకే లేపు నన్ను. నువ్వు ఒకసారే ఎక్కావు. నేను రెండుసార్లు ఎక్కుతాను.

వదిన